జెడ్‌ఎక్స్81లో 3డీ మాన్‌స్టర్ మేజ్ గేమ్ సగం దాకా లోడై ఆగిపోతోంది

మెషీన్ జెడ్‌ఎక్స్81 (1981 నాటి సింక్లెయిర్ హోమ్ కంప్యూటర్), వెనక 16కె ర్యామ్ ప్యాక్ (మెమరీ పెంచే బయటి పెట్టె). క్యాసెట్ లేదు, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఇయర్ సాకెట్‌కి మోనో కేబుల్‌తో, టేప్ శబ్దం రికార్డు చేసిన డబ్ల్యూఏవీ ఫైల్ ప్లే చేస్తున్నాను.

LOAD "" ఇచ్చాక తెరమీద లావు చారలు మామూలుగానే వస్తాయి. మూడో నిమిషం దాటాక అవి సన్నని ఏటవాలు గీతలుగా మారిపోతాయి, ఇక ప్రోగ్రాం ముగియదు. బ్రేక్ నొక్కితే మెమరీ మొత్తం ఖాళీ, కొత్తగా ఆన్ చేసినట్టు K కర్సర్. ఒక్కోసారి ఒక్కోచోట తప్పుతోంది కాబట్టి ఫైల్ మీద అనుమానం లేదు. 1కె మెమరీలో పట్టే చిన్న ప్రోగ్రాంలు మాత్రం ప్రతిసారీ లోడవుతున్నాయి.

వాల్యూమ్ 70 నుంచి 100 శాతం వరకు మార్చి చూశాను. ఈక్వలైజర్, నోటిఫికేషన్ శబ్దాలు ఆపేశాను. మైక్ కేబుల్ తీసేశాను. ప్యాక్ అంచు కనెక్టర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కదలకుండా కింద అట్టముక్క పెట్టాను (ఈ ప్యాక్ కాస్త ఊగితే చాలు, మెషీన్ ఆగిపోతుంది!). మెమరీ ఎక్కడిదాకా ఉందో చూసే PRINT PEEK 16388+256*PEEK 16389 అంటే 32768 వస్తోంది, అంటే 16కె కనిపిస్తోంది. కానీ ఆ లెక్క పవర్ ఆన్ అప్పటిదే, వేడెక్కాక చిప్ తప్పుతోందేమో దానితో తేలదు.

ఈ లక్షణాలను బట్టి ముందు ఏది చెయ్యాలి: సిగ్నల్ పెంచడానికి మధ్యలో చిన్న యాంప్లిఫయర్ పెట్టడమా, ర్యామ్ ప్యాక్ మార్చడమా?