సహజంగా వీపు వైపు వంగిన పొట్టి ఓసేజ్ విల్లు బద్ద: టిల్లరింగ్‌లో (విల్లు సమంగా వంగేలా గీకడంలో) మీ అనుభవాలు చెప్పండి

రెడ్‌రివర్_బద్ద

అందరికీ నమస్కారం. డాలస్‌కి ఉత్తరాన ఒక రైతు పొలం గట్టున కూలిన ఓసేజ్ ఆరెంజ్ చెట్టు నుంచి తెచ్చిన బద్ద ఇది. ఇక్కడివాళ్ళు దీన్ని బోడార్క్ అంటారు. పైనుండే తెల్ల చెక్క తీసేసి, చేవలో ఒకే పెరుగుదల వలయం చెదరకుండా వీపు (విలుకాడికి అవతలి ముఖం) తేల్చాను. కొస నుంచి కొసకి 52 అంగుళాలు, మధ్యలో వెడల్పు ఒకటిన్నర అంగుళం. చెట్టులో ఉన్నప్పటి నుంచే రెండు కొసలూ వీపు వైపు తిరిగి ఉన్నాయి. నారి లేకుండా చూస్తే నారి తగిలించే కొప్పులు పిడి కంటే రెండున్నర అంగుళాలు ముందుకి ఉంటాయి. ఈ వంపు ఎక్కువగా చివరి మూడోవంతులోనే ఉంది. వేడి పెట్టలేదు, వీపున ఏమీ అంటించలేదు. ఒంటి చెక్క విల్లుగానే ఉంచాలని ఉంది.

నారికీ పిడికీ మధ్య 3 అంగుళాల ఎత్తు ఉండేలా ఎక్కుపెట్టి చూశాను. పిడికి దగ్గరలో బాగా వంగుతోంది. పై లింబ్ (పిడికి పైనున్న సగం) చివరి మూడోవంతు మాత్రం బల్లపరుపుగా, అసలు కదలనట్టు కనిపిస్తోంది. అక్కడ గీకమంటారా? 26 అంగుళాల లాగుడుకి 45 పౌండ్ల బరువు (లాగడానికి పట్టే బలం) రావాలని నా కోరిక.

ఆకురాయి

అక్కడ గీకకండి. దయచేసి స్క్రేపర్ పక్కన పెట్టి ఇది చదవండి.

తిన్నని బద్దలో ఎక్కుపెట్టాక ఒక చోటు బల్లపరుపుగా ఉందంటే ఆ చోటు వంగలేదనే అర్థం. మీ బద్దలో అలా లెక్క వెయ్యకూడదు. నారి లేనప్పుడు వీపు వైపు తిరిగి ఉన్న ముక్క ఇప్పుడు తిన్నగా కనిపిస్తోందంటే అది ఆ మేరకు వంగిపోయినట్టే. మిగతా లింబ్ కంటే అదే ఎక్కువ కష్టపడుతూ ఉండొచ్చు. అది బిగుసుకుపోయిందనుకుని గీకితే అక్కడే మడత పడుతుంది. పొట్టి విల్లులో మడత పడ్డాక ఇక ఎక్కడ సర్దినా కుదరదు.

మొదటి ఆకారం నుంచి ఎంత మారిందో చూడాలి. దానికి నేను అట్టముక్కలు వాడతాను. నారి తీసి విల్లుకి కాస్త విశ్రాంతి ఇవ్వండి. వీపు మీద పిడి నుంచి కొస దాకా 8 అంగుళాలకొక గుర్తు పెట్టండి. ఒక్కో ముక్కకి ఒక అట్ట తీసుకుని, వీపు గీతకి సరిగ్గా అతికేలా కత్తిరించండి. తర్వాత ఎక్కుపెట్టి అదే అట్టని అదే చోట ఆనించండి. మధ్యలో ఆని, రెండు చివర్లా సందు కనిపిస్తుంది. ఆ సందు ఎంత ఉంటే అక్కడ అంత వంగిందన్నమాట. కన్ను మోసపోవడానికి వీల్లేదు.

మధ్యలో పెన్సిల్ దూర్చిన చెక్కముక్కని పొట్ట (నారి వైపున్న ముఖం) మీద జరుపుతూ గీకాల్సిన చోట గుర్తు పెట్టే పద్ధతి చాలామందికి తెలుసు. తిన్నని బద్దలకి అది బంగారం. మీ బద్ద మీద మాత్రం బాగా అలసిపోయిన చోటే చూపించి ఇంకా గీకమంటుంది.

కాన్సస్_కంచె

ఆకురాయి గారి మాటకి నాదొక లెక్క. తిన్నని విల్లుని 5 అంగుళాల ఎత్తులో ఎక్కుపెడితే కొసలు 5 అంగుళాలే కదులుతాయి. మీ విల్లు అదే ఎత్తుకి రావాలంటే ఏడున్నర కదలాలి. బాణం పెట్టకముందే చెక్క మీద అంత భారం పడుతుంది. బాణం వేగంగా పోయేదీ, చెక్క తొందరగా అలిసేదీ అందుకే.

52 అంగుళాల ఒంటి చెక్కకి 26 అంగుళాల లాగుడు ఎక్కువండీ. పిడి కూడా వంగే విల్లు అయితేనే లాగుడుకి రెట్టింపు పొడవు చాలంటారు, పైన కొంచెం వదిలితే ఇంకా మంచిది. పిడి గట్టిగా ఉంచితే పిడి దగ్గరి 8 అంగుళాలూ పని చెయ్యవు, భారమంతా మిగతా చెక్క మోయాలి. మీరు పిడి కూడా కొంచెం వంగనిచ్చి 24 దగ్గర ఆగండి. గుర్రాల మీద వేటాడిన అమెరికా మైదాన ప్రాంతపు తెగల విల్లులు ఇంకా పొట్టివి, వాళ్ళ లాగుడూ పొట్టిదే. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర బయటి ప్రపంచంలోకి వచ్చిన యాహీ తెగ మనిషి ఇషి చేసిన జునిపర్ విల్లు 42 అంగుళాలే. కాకపోతే దాని వీపున జంతువుల నరాలు (స్నాయువులు) అంటించి ఉండేవి. సాగే భారం ఆ నరాలు మోసేవి. మీకా ఆసరా లేదు.

రెడ్‌రివర్_బద్ద

ఆకురాయి గారూ, అట్టలు కత్తిరించి చూశాను. పై లింబ్‌లో పిడి పక్క ముక్కకి సందు 3 మిల్లీమీటర్లు, నడిమి ముక్కకి 2, నేను కదలడం లేదనుకున్న చివరి ముక్కకి 5! కింది లింబ్‌లో మూడూ 3కి అటూ ఇటూగా ఉన్నాయి. అంటే పై లింబ్ నడిమి భాగం గీకాలి, అంతేనా?

ఆకురాయి

అంతే. నడిమి ముక్కలోనే, అదీ పొట్ట వైపే. వీపు వలయాన్ని ముట్టుకోవద్దు. మందం 10 శాతం తగ్గితే ఆ చోట బిగువు పావు వంతుకి పైగా పోతుంది, బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి. ఈ దశలో డ్రానైఫ్ (రెండు చేతులతో లాగే కత్తి), ముతక ఆకురాయి రెండూ వద్దు. స్క్రేపర్‌తో ఉల్లిపొర లాంటి పొట్టు వస్తే చాలు. గీకిన ప్రతిసారీ ఎక్కుపెట్టి, అప్పటిదాకా లాగిన దూరం దాటకుండా ఓ పాతికసార్లు మెల్లగా లాగి వదలండి. గీకిన ఫలితం చెక్కలో కనిపించేది ఆ తర్వాతే. లాగకుండా గీకుతూ పోతే ఎంత తీశారో తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

స్కేలు మీద 45 పౌండ్లు కనిపించగానే ఆపండి, లాగుడు ఎంత తక్కువున్నా సరే. గీకండి, మళ్ళీ లాగండి, అదే 45 ఇంకాస్త దూరంలో వస్తుంది. వంపు సమంగా లేని విల్లుని కోరుకున్న బరువు దాటి ఎప్పుడూ లాగవద్దు.

వంకరచేవ

నేను చూసినంతలో ఇలాంటి బద్దలతో అసలు పేచీ నారి పక్కకి జారడం. వీపు వైపు వంగిన కొస ఎక్కుపెట్టగానే పక్కకి తిరగాలని చూస్తుంది. పొడుగు నారి (ఎక్కుపెట్టకముందు వదులుగా వేసేది) వేసి లాగేటప్పుడు విల్లు మొత్తం బొంగరంలా తిప్పుకుపోయే ప్రమాదం కూడా ఉంది. పిడిని టిల్లరింగ్ చెట్టుకి (విల్లుని నిలిపి లాగి చూసే చెక్క స్టాండుకి) గట్టిగా కట్టేయండి. తాడు కప్పీ గుండా నడిపించి మీరు పక్కన, దూరంగా నిలబడండి. కళ్ళజోడు తప్పనిసరి.

పొడుగు నారి మీద వచ్చే బరువు కూడా నమ్మదగింది కాదు. కొసలు కాస్త కదలగానే పొట్టి నారికి మారిపోండి, 2 అంగుళాల ఎత్తైనా పరవాలేదు.

కొస ఒక పక్కకి తిరుగుతుంటే ఆ పక్క అంచు బలహీనంగా ఉందని అర్థం. రెండో అంచున పొట్ట వైపు గీకితే కొస వెనక్కి వస్తుంది. గీకడానికి మందం చాలకపోతే అప్పుడు వేడి. హీట్‌గన్‌తో నెమ్మదిగా కాల్చి, పక్కకి సరిచేసి బిగించి, పూర్తిగా చల్లారేదాకా కదపకండి. ఓసేజ్ వేడికి బాగా లొంగుతుంది. ఒకటే జాగ్రత్త: కాల్చిన చోట తేమ పోతుంది. కొన్ని రోజులు గాలికి వదిలి తేమ తిరిగి పట్టాకే లాగాలి. వెంటనే లాగితే ఓసేజ్ అయినా పుటుక్కుమంటుంది.

చిత్రిక

వేడితోనే ఇంకో రెండు అంగుళాలు వీపు వైపు వంచితే ఇంకా వేగం వస్తుందిగా? వీడియోల్లో అందరూ అదే చేస్తున్నారు.

వంకరచేవ

తమ్ముడూ, వాళ్ళు చేసేవి 60 అంగుళాలు, ఆపైన. 52లో ప్రకృతి ఇచ్చిన రెండున్నరే ఎక్కువ. అందులో అంగుళం మిగిల్చినా గొప్ప పనే.

పట్టుగూడు

నాది హిందూపురం. ఓసేజ్ మా దగ్గర దొరకదు. మల్బరీ పనికొస్తుందా? తోటల నిండా అదే ఉంది.

కాన్సస్_కంచె

వస్తుందండీ. ఓసేజ్, మల్బరీ, మన పనస అన్నీ ఒకే కుటుంబం. ఓసేజ్ ఆకు పట్టుపురుగులకి మేతగా వేసి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. మల్బరీ ఓసేజ్ కంటే తేలిక, పొట్ట వైపు ఒత్తిడికి కొంచెం తక్కువ ఓర్చుకుంటుంది. అందుకని ఇంకాస్త వెడల్పుగా, ఇంకాస్త పొడవుగా పెట్టుకోండి. పురుగుల మేత కోసం ఏటా నరికే పొదల్లో లావు కర్ర దొరకడం కష్టం, గట్ల మీద చెట్టుగా పెరిగింది వెతకండి. కొట్టిన రోజే రెండు చివర్లకీ ఫెవికాల్ దట్టంగా పుయ్యండి, లేకపోతే మీ ఎండలకి బీటలిస్తుంది. సగం చెక్కాక వంటింటి త్రాసు మీద రోజూ తూచండి. బరువు తగ్గడం ఆగిపోయాకే టిల్లరింగ్ మాట.

రెడ్‌రివర్_బద్ద

పని దాదాపు అయింది. పై లింబ్ నడిమి భాగమే కొద్దికొద్దిగా గీకుతూ వచ్చాను. ఎక్కుపెట్టి అట్టలు ఆనిస్తే ఇప్పుడు మూడు ముక్కల్లోనూ సందు ఇంచుమించు సమానం. విచిత్రమేమిటంటే, ఎక్కుపెట్టిన విల్లు చూడటానికి ఇప్పటికీ అసమానంగానే ఉంది, కొసలు తిన్నగా, నడుమ గుండ్రంగా. కంటికి నచ్చేలా చేసి ఉంటే చివరి మూడోవంతు ఈపాటికి పోయేది. కింది కొస కొంచెం పక్కకి తిరిగితే బలంగా ఉన్న అంచున గీకాను, నారి పిడి మధ్యకి వచ్చేసింది, వేడి అవసరం పడలేదు.

24 అంగుళాలకి 42 పౌండ్లు. నారి తీసిన వెంటనే వీపు వంపు అంగుళం, రాత్రంతా ఉంచితే ఒకటిన్నర. ఒక్క అనుమానం: పై లింబ్ చివర్లో పొట్ట మీద, ఓరగా వెలుతురు పడితే వెంట్రుకంత గీత అడ్డంగా కనిపిస్తోంది. గోరుకి తగలడం లేదు.

ఆకురాయి

అడ్డగీత అంటే అక్కడ పొట్ట నార ఒత్తిడికి నలగడం మొదలైనట్టే. మొదట్లో 5 మిల్లీమీటర్ల సందు వచ్చిన చోటే కదా? ఇకమీద అక్కడ స్క్రేపర్ తగలనివ్వకండి. గీతకి రెండు పక్కలా, ముఖ్యంగా పిడి వైపున్న ముక్కలో పలచగా గీకి భారం అటు మళ్ళించండి. రెండు మూడు పౌండ్లు పోతే పోనివ్వండి. గీత చివర్లలో పెన్సిల్ చుక్కలు పెట్టి, బాణాలు వేసిన ప్రతిసారీ అదే వెలుతురులో చూడండి. చుక్కలు దాటనంతకాలం విల్లు వాడుకోవచ్చు. దాటితే లాగుడు 22కి తగ్గించి, ఫొటో ఇక్కడ పెట్టండి.

రెడ్‌రివర్_బద్ద

చుక్కలు పెట్టాను. శనివారం బాణాలు వేశాక ఫొటోలు పెడతాను.