'హార్డ్ టు కన్విన్స్' దగ్గర మన పిల్లలు ఎందుకు తడబడుతున్నారు?

బరంపురం నుంచి ఒక చెల్లెమ్మ నిన్న గుంపులో అడిగింది: "తొమ్మిదో తరగతి పిల్లాడు 'ఐ యామ్ డిఫికల్ట్ టు అండర్‌స్టాండ్ మ్యాథ్స్' అని రాస్తున్నాడు. తప్పని తెలుసు, ఎందుకు తప్పో ఎలా చెప్పాలి?" నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను. ఏటా ఈ వాక్యం నా ముందుకొస్తూనే ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఆ పిల్లాడి ఆలోచనలో తప్పేమీ లేదమ్మా. "నాకు లెక్కలు అర్థం చేసుకోవడం కష్టం" అనుకున్నాడు. 'నాకు'లోని 'కు'ని ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేసి 'ఐ' అని మొదలుపెట్టాడు. ఒడియా బళ్ళో చదివే మన పిల్లలకీ ఇదే ఇబ్బంది, ఎందుకంటే వాళ్ళు అక్కడ వినే "మోతే కష్ట లాగుచి"లో ఉన్నదీ 'నాకు'యే. కానీ 'ఐ యామ్ డిఫికల్ట్ టు అండర్‌స్టాండ్' అంటే 'నేను ఓ పట్టాన ఎవరికీ అర్థం కాను' అని. 'ఐ ఫైండ్ మ్యాథ్స్ డిఫికల్ట్' అనో, 'ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మీ టు అండర్‌స్టాండ్ మ్యాథ్స్' అనో రాయించు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 'దిస్ లాక్ ఈజ్ హార్డ్ టు ఓపెన్' అన్నప్పుడు తాళం 'ఓపెన్' అనే పనికి కర్మ, అంటే ఆ పని జరిగేది దాని మీద. అది వాక్యం ముందుకొచ్చేసింది కాబట్టి 'ఓపెన్' తర్వాత మళ్ళీ 'ఇట్' రాకూడదు. ఇలాంటివి పిల్లలు బాగానే రాస్తారు. తెలుగులో "ఈ తాళం తీయడం కష్టం" అంటాం, ప్రాణం లేని వస్తువుకి 'ని' చేర్చకపోయినా చెల్లుతుంది. అదే మనిషి గురించైతే 'ని' తప్పదు: "మా తాతగారిని ఒప్పించడం కష్టం." ఇక్కడే తడబడతారు. 'మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ హార్డ్ టు కన్విన్స్ హిమ్' అని రాస్తారు. ఆ 'హిమ్' మన 'ని'యే. పిల్లల నోటుబుక్కులు దిద్దేటప్పుడు చూశాను, తాళాలు, పుస్తకాల గురించి రాసిన వాక్యాల్లో తప్పులు తక్కువ, మనుషుల గురించి రాసినవాటిలో ఎక్కువ.

దీనికి మందు కూడా తెలుగులోనే ఉంది. మా ఊరి నది గురించి "మహేంద్రతనయ వానాకాలంలో దాటడానికి కష్టం" అంటాం కదా, 'ది రివర్ ఈజ్ హార్డ్ టు క్రాస్' సరిగ్గా ఆ తీరే. ముందు 'డానికి' పెట్టి తెలుగులో చెప్పించి, ఆ తర్వాత ఇంగ్లీషులోకి తెమ్మనండి. ఒక్క తేడా మాత్రం చూసుకోవాలి. "ఈ కుర్చీ కూర్చోడానికి ఇబ్బందిగా ఉంది" అన్నప్పుడు మనం 'కుర్చీలో' అనం, 'లో' పోయింది. ఇంగ్లీషులో మాత్రం 'సిట్ ఆన్' అని చివర 'ఆన్' ఉండి తీరాలి.

1960లలో భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ చూపించిన జంట వాక్యాలు చాలామందికి తెలిసే ఉంటాయి: 'జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్', 'జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్'. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదాంట్లో జాన్‌ని ఇతరులు మెప్పిస్తారు, రెండోదాంట్లో జానే ఇతరుల్ని మెప్పించాలని చూస్తాడు. తెలుగులోకి తెచ్చి చూడండి: "జాన్‌ని మెప్పించడం సులువు", "జాన్‌కి మెప్పించాలని ఆత్రం". ఇంగ్లీషు బయటపెట్టని తేడాని మన 'ని', 'కి' ఇట్టే చెప్పేస్తున్నాయి! సవరలనే గిరిజనుల భాషకి 1931లో వ్యాకరణం వెలువరించిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పిల్లల నోట ఆడే తెలుగుని పక్కన పెట్టి ఇక్కడ ఇంగ్లీషు నేర్పడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మిగతావి క్లుప్తంగా. 'హావ్ డిఫికల్టీ' తర్వాత 'టు స్పీక్' కాదు, 'స్పీకింగ్'. 'హార్డ్‌లీ' అంటే కష్టంగా అని కాదు, దాదాపు లేనట్టే అని. 'హీ హార్డ్‌లీ వర్క్స్' అంటే వాడు పనే చెయ్యడన్నమాట.

కొరాపుట్ నుంచి ఒక అన్నగారు 'ఇంపాజిబుల్' కూడా 'హార్డ్' లాగే వాడొచ్చా అని కింద వ్యాఖ్యల్లో అడిగారు. వాడొచ్చండీ, 'దిస్ వర్క్ ఈజ్ ఇంపాజిబుల్ టు డూ' మంచి వాక్యం. విచిత్రం ఏమిటంటే 'దిస్ వర్క్ ఈజ్ పాజిబుల్ టు డూ' మాత్రం చెల్లదు, 'ఇట్ ఈజ్ పాజిబుల్ టు డూ దిస్ వర్క్' అనాల్సిందే. హార్డ్, ఈజీ, టఫ్, ఇంపాజిబుల్ ఇవన్నీ ఒక జట్టు, 'పాజిబుల్' ఆ జట్టులోకి రాదు. పిల్లలకి ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాయించండి.