ఇంటి నుంచి ఆఫీసు సిస్టమ్ కనెక్ట్ అయితలేదు, ఎవరన్నా చెప్పున్రి

పరకాలపోరడు: మడికొండల చిన్న ఆఫీసు మాది. ఐటీ టీం లేదు, ‘నువ్వే సెట్ చేస్కో’ అన్నడు సారు. రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి ఆఫీసు సిస్టమ్ వాడేది) కోసం రౌటర్ల దాని 3389 పోర్ట్ ఫార్వర్డ్ చేసిన, అంటే బయటి కనెక్షన్‌కు తోవ ఇచ్చిన. ఆఫీసుల ఉంటే రిమోట్ డెస్క్‌టాప్ మంచిగ వస్తది, ఇంటికి పోతే రాదు.

కోటగల్లీ: రౌటర్ పేజీల వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్) ఏం చూపిస్తుంది తమ్మీ?

పరకాలపోరడు: 100.72తోని మొదలైతుంది అన్నా.

కోటగల్లీ: ఇగ అయిపాయె. 100.64 నుంచి 100.127 దాకా సీజీనాట్ అడ్రస్‌లు. అంటే నెట్ కంపెనీ ఒక్క పబ్లిక్ ఐపీని ఎందరికో పంచుతది. నీ రౌటర్ల ఎన్ని పోర్టులు తెరిచినా బయటి కనెక్షన్ నీ దాకా రాదు. కావాలంటే స్టాటిక్ ఐపీకి (మారని సొంత పబ్లిక్ ఐపీ) పైసలు కట్టాలె.

కరీంనగర్_అక్క: స్టాటిక్ తీసుకున్నా 3389 మాత్రం బయటికి తెరవకు తమ్ముడూ. మా పాత ఆఫీసులో ఈవెంట్ వ్యూయర్ (విండోస్ లాగ్) తెరిస్తే పేజీల కొద్దీ 4625లే, అంటే ఫెయిలైన లాగిన్లు. అడ్మిన్, టెస్ట్, యూజర్1... ఎవడో రాత్రంతా పేర్లు మార్చి మార్చి కొడుతున్నాడు. పోర్ట్ నంబర్ మార్చినా స్కానర్లు పట్టేస్తాయి. ముందు ఆ ఫార్వర్డ్ తీసెయ్.

కోటగల్లీ: అక్క చెప్పింది నిజం. లోపలికి రానియ్యకపోతే లోపలి నుంచే బయటికి పోవాలె. రెండు సిస్టమ్‌లల్ల టెయిల్‌స్కేల్ (సిస్టమ్‌లను ప్రైవేట్‌గ కలిపే వీపీఎన్ యాప్) వేసి ఒకటే అకౌంట్‌తోని లాగినవ్వు. అది ఇచ్చే అడ్రస్‌కు రిమోట్ డెస్క్‌టాప్ కొట్టు. అది గూడ 100తోనే ఉంటది, సీజీనాట్ అనుకోని పరేషాన్ గాకు. ఆఫీసుల విండోస్ ప్రో ఉండాలె, హోమ్ ఎడిషన్‌కు బయటి నుంచి ఆర్‌డీపీతోని (అంటే రిమోట్ డెస్క్‌టాప్) ఎక్కలేం.

హాస్టల్_నెట్: మా దగ్గర యూడీపీ (వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్‌లు వాడే రకం ట్రాఫిక్) మొత్తం బ్లాక్. సొంత సర్వర్ల పెట్టుకున్న వైర్‌గార్డ్ చప్పుడు చేయలే. టెయిల్‌స్కేల్ మాత్రం 443 పోర్ట్ (వెబ్‌సైట్లు వాడేది) మీద రిలే (నడిమి సర్వర్) నుంచి చుట్టు తిరిగి వస్తుంది, జర స్లో.

మంచిర్యాల_టెకీ: పెద్ద కంపెనీల పనిచేసెటోళ్లు ఇవన్నీ చదివి సొంతంగ వేస్కోకున్రి. కంపెనీ వీపీఎన్ అడగాలె. చెప్పకుంట ఎనీడెస్క్ (ఇంకో రిమోట్ యాప్) వేసిన మా దోస్తుకు తెల్లారే హెచ్‌ఆర్ మెయిల్ వచ్చింది.

పరకాలపోరడు: ఫార్వర్డ్ తీసేసిన, టెయిల్‌స్కేల్‌తోని కనెక్ట్ అయింది! కని మధ్యాహ్నం కరెంట్ పోయి వచ్చినంక మళ్ల గాయబ్.

కరీంనగర్_అక్క: ఆఫీసు సిస్టమ్ బయాస్‌లో (ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) ఏసీ పవర్ లాస్ అని ఉంటుంది, పవర్ ఆన్ పెట్టు, కరెంట్ రాగానే అదే ఆన్ అవుతుంది. స్లీప్ నెవర్ చెయ్. రౌటర్‌కు కూడా చిన్న యూపీఎస్ ఉంటే మేలు.

కోటగల్లీ: మౌస్ ఆగి ఆగి కదిలితే రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగ్‌లల్ల కలర్ 16 బిట్‌కు దించు, వాల్‌పేపర్ తీసెయ్. మా ఊరి నెట్‌కు గంతే చాలు.