మల్లార్డ్ 203 కొట్టింది పైన రేకు తొడుగు వల్లా, లోపల ఆవిరి దారుల వల్లా?

స్టీమ్_సూరి:
ఈ టాపిక్ చాన్నాళ్ల నుంచి పెడదామనుకుంటున్నా. తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. 1923లో బ్రిటన్‌లో చిన్నాపెద్దా రైల్వే కంపెనీల్లో చాలావాటిని కలిపేసి ప్రాంతాల వారీగా నాలుగు పెద్ద కంపెనీలు చేశారు. వాటిలో లండన్ కింగ్స్ క్రాస్ నుంచి తూర్పు వైపుగా యార్క్, న్యూకాజిల్, ఎడిన్‌బరా దాకా పోయే లైను ఎల్ఎన్ఈఆర్ (లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే)ది. వాళ్ల చీఫ్ మెకానికల్ ఇంజనీర్ నైజెల్ గ్రెస్లీ 1935లో ఏ4 అని స్ట్రీమ్‌లైన్ చేసిన ఆవిరి ఇంజను తెచ్చాడు, 1938 నాటికి మొత్తం 35 కట్టారు. అందులో ఒకటైన మల్లార్డ్ 1938 జులై 3న స్టోక్ బ్యాంక్ అనే దిగుడులో గంటకు 126 మైళ్లు, అంటే దాదాపు 203 కిలోమీటర్లు అందుకుంది. ఆవిరి ఇంజన్లలో ఈ రోజుకీ అదే రికార్డు.

నేననేది ఏంటంటే, అందరూ ఆ ఏటవాలు ముక్కు ఫోటో చూసి స్పీడ్ అంతా దాని వల్లే వచ్చిందనుకుంటారు, అది చాలా అన్యాయం. 1935 మార్చి 5న పపైరస్ అనే ఏ3 ఇంజను (ఏ4కి ముందు తరం గ్రెస్లీ ఇంజను) అదే దిగుడులో 108 మైళ్లు కొట్టింది, దానికి ఏ తొడుగూ లేదు, మామూలు గుండ్రటి బాయిలర్, బయటికి కనపడే చక్రాలు, అంతే. ఆరు నెలల తర్వాత సెప్టెంబర్ 27న మొదటి ఏ4 సిల్వర్ లింక్ పత్రికలవాళ్లని ఎక్కించుకుని 112.5 కొట్టింది. తేడా ఎంత? నాలుగున్నర మైళ్లు. ఈలోపు లోపల ఏం మారిందో చూడండి, బాయిలర్ ప్రెషర్ చదరపు అంగుళానికి 220 పౌండ్ల నుంచి 250కి పెంచారు, సిలిండర్లోకి ఆవిరి వెళ్లే దారులు, వాడేసిన ఆవిరి బయటికొచ్చే దారులు వెడల్పు చేసి వంపులన్నీ నున్నగా తీర్చారు. ఇక మల్లార్డ్‌కైతే కిల్‌చాప్ అనే డబుల్ చిమ్నీ కూడా ఉంది, ఫ్రెంచి ఇంజనీర్ షాపెలాన్ పనితనం అది, వాడేసిన ఆవిరి తేలిగ్గా బయటికి పోతే పిస్టన్‌కి వెనక నుంచి అడ్డం తగలదు. 35 ఏ4ల్లో కొత్తలోనే అది పెట్టుకుని వచ్చినవి నాలుగే. రికార్డుకి గ్రెస్లీ ఎంచుకున్నది ఆ నాలుగింట్లో ఒకదాన్ని. ఆయనకి స్పీడ్ ఎక్కడుందో తెలుసు కాబట్టే కదా?

విశాఖ_మెకానికల్:
సూరి గారూ, లోపలి మార్పుల గురించి మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటా, కానీ 108కీ 112కీ తేడా తీసి తొడుగు విలువ ఇంతే అనడం కుదరదు. దిగుడులో కొట్టిన పీక్ స్పీడ్ అనేది డ్రైవర్ ఎంత ధైర్యం చేశాడు, వెనక ఎన్ని పెట్టెలున్నాయి, ఆ రోజు గాలి ఎటు వీస్తోంది, వీటన్నిటి మీదా ఉంటుంది.

గాలి అడ్డం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావాల్సిన పవర్ ఘనంతో పెరుగుతుంది. 60 మైళ్ల దగ్గర గాలికి ఎంత హార్స్‌పవర్ ఖర్చవుతుందో 120 దగ్గర దానికి ఎనిమిది రెట్లు కావాలి. అందుకే తొడుగు మామూలు ప్యాసింజర్ బండికి దండగ, 90 పైన రోజూ నడిచే బండికి మాత్రం అవసరం. మరి ఏ4 దేని కోసం కట్టారు? సిల్వర్ జూబిలీ బండి కోసం. 1935 సెప్టెంబర్ 30 నుంచి కింగ్స్ క్రాస్ - న్యూకాజిల్ 268 మైళ్లు, మధ్యలో డార్లింగ్టన్‌లో ఆగి, సరిగ్గా నాలుగు గంటలు. యావరేజే 67 మైళ్లు, అంటే ఊళ్ల దగ్గరా వంపుల దగ్గరా స్లో చేసినదంతా కలిపి. బయట లైన్లో ఎంత కొట్టాలో లెక్కేసుకోండి. ఇది ఒక్కరోజు ముచ్చట కాదు, వారంలో ఐదు రోజులు రానూపోనూ. అక్కడ గాలి దగ్గర మిగిలిన ప్రతి హార్స్‌పవరూ ఫైర్‌మన్ పారతో వెయ్యక్కర్లేని బొగ్గు.

ఇంకోటి, లోపలి పనితనం అన్నారు గదా, మల్లార్డ్‌ని ఆ రోజు ఆపింది లోపలి పనితనమే. మధ్య సిలిండర్ బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ తోసే కడ్డీ ఇరుసుని పట్టుకునే చోటు) వేడెక్కిపోయి డ్రైవర్ డడింగ్టన్ పీటర్‌బరాలో ఇంజను తప్పించాల్సొచ్చింది, పెట్టెల్ని లండన్‌కి వేరే ఇంజను లాక్కెళ్లింది. గ్రెస్లీ పద్ధతిలో మధ్య సిలిండర్లోకి ఆవిరిని వదిలే వాల్వ్‌కి దాన్ని కదిపే సొంత గేరు ఉండదు, పక్క రెండు సిలిండర్ల కదలిక నుంచే లివర్లతో తీసుకుంటుంది, బాగా స్పీడ్‌లో ఆ లివర్ల ఆట వల్ల వాల్వ్ కొలతకి మించి కదిలి మధ్య సిలిండర్ మీద ఎక్కువ లోడ్ పడుతుంది. కాబట్టి 126 దగ్గర ఆగింది గాలి అడ్డుకుని కాదు.

యార్క్_తెలుగోడు:
నేను ఉండేది యార్క్‌లోనే, మల్లార్డ్ ఇక్కడి నేషనల్ రైల్వే మ్యూజియంలో ఉంటుంది, పక్కన నిలబడి చూస్తే మీరిద్దరూ వదిలేసిన విషయం ఒకటి అర్థమవుతుంది. ఆ ముక్కు గాలిని పక్కలకి చీల్చేలా లేదు, పైకి ఎగదోసేలా ఉంది. కారణం పొగ.

1930ల నాటికి బాయిలర్లు ఎంత లావయ్యాయంటే వంతెనల కింద పట్టాలి కాబట్టి చిమ్నీ ఇంత పొట్టిగా మిగిలింది. పైగా ఆవిరి బాగా వాడుకునే ఇంజను మెల్లగా ఊదుతుంది, అందుకని పొగ పైకి లేవకుండా బాయిలర్ వెంటే పాకుతూ వచ్చి డ్రైవర్ కిటికీని కప్పేస్తుంది. గంటకు 90 మైళ్ల స్పీడ్‌లో సిగ్నల్ కనపడకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. టెడింగ్టన్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ విండ్ టనెల్‌లో మోడల్ పెట్టి చూసింది గాలి అడ్డం ఒక్కటే కాదు, ఈ పొగ సంగతి కూడా. ఆ మోడల్ మీద మైనంలో చిమ్నీ వెనక ఎవరిదో బొటనవేలు పొరపాటున నొక్కుకుపోయిందనీ, ఆ గుంట వల్లే పొగ చక్కగా లేచిందనీ ఒక కథ చెప్పుకుంటారు. అది నిజమో కాదో గానీ అసలు ఇంజను మీద చిమ్నీ వెనక ఆ పల్లం మాత్రం ఉంది. ఏ4కి పక్కల పొగ రేకులు (పొగని పైకి తోలే నిలువు రేకులు) పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

దానికి పోటీ కంపెనీ ఎల్ఎంఎస్ వాళ్ల కరొనేషన్ క్లాసు చూడండి. 1937లో వాళ్ల చీఫ్ మెకానికల్ ఇంజనీర్ స్టానియర్ హయాంలో వచ్చింది, ముందు భాగం గుండ్రంగా, ఎంతో అందంగా ఉంటుంది, కానీ పొగని ఎత్తదు. 1946 నుంచి 49 లోపు ఆ తొడుగులన్నీ పీకేసి పక్కల పొగ రేకులు తగిలించారు. రెండూ స్ట్రీమ్‌లైన్డే, ఒకదాన్ని పొగతో సహా ఆలోచించి గీశారు, రెండోదాన్ని లేదు. అందుకని "తొడుగు పనికొచ్చిందా లేదా" అని గంపగుత్తగా అడిగితే జవాబు రాదు, ఏ తొడుగు అని అడగాలి.

కాజీపేట_లోకో:
అన్నలూ, మీరంతా స్పీడ్ వైపు నుంచే మాట్లాడుతున్నారు, షెడ్డు వైపు నుంచి ఒక్కరూ మాట్లాడట్లే. మా నాన్న స్టీమ్ షెడ్డులో ఫిట్టరు, ఆయన చెప్పేది ఒకటే, ఇంజను ప్రతి ట్రిప్పుకి ముందు నూనె పోయాలి, బూడిద లాగాలి, ప్రతి పిన్ను చేత్తో తడిమి చూడాలి, చెయ్యి పట్టని ఇంజను మంచి ఇంజను కాదు అని. ఏ4కి చక్రాల మీదుగా పక్కల రేకులు దించారు, వాటి వెనకాల వాల్వ్ గేరు మొత్తం. యుద్ధం రాగానే ఏం చేశారు? ఆ పక్క రేకులన్నీ విప్పేశారు, మెయింటెనెన్స్‌కి అడ్డమని. యుద్ధం అయ్యాక మళ్లీ పెట్టారా, లేదు.

మిగతా వాటి కథా అంతే. ఆ నాలుగు కంపెనీల్లో ఇంకోటైన గ్రేట్ వెస్టర్న్ వాళ్లు 1935లో ఒక కింగ్ క్లాసు ఇంజనుకీ ఒక కాజిల్ క్లాసు ఇంజనుకీ స్మోక్‌బాక్స్ (బాయిలర్ ముందుండే పొగ గది) మీద బుల్లెట్ ముక్కు, సిలిండర్ల మీద తొడుగులు పెట్టి చూశారు, తర్వాత ఒక్కొక్కటే పీకేశారు. ఎల్ఎన్ఈఆర్ వాళ్లే 1937లో లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి నారిచ్ పోయే ఈస్ట్ ఆంగ్లియన్ బండి కోసం బీ17 అనే వేరే క్లాసు ఇంజన్లు రెండింటికి అచ్చం ఏ4 లాంటి చొక్కా తొడిగారు. ఆ లైన్లో ఆ బండికి గాలి అడ్డమొచ్చేంత స్పీడే లేదు. 1951లో అవీ తీసేశారు. ఇన్ని కంపెనీలు పెట్టి, వాడి, తీసేశాయంటే తీర్పు వచ్చేసినట్టే కదా. మన దేశంలో ప్యాసింజర్ బండ్లు లాగిన డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్ల బుల్లెట్ ముక్కు కూడా నాకు ప్రాణం, 1947లో అమెరికా కంపెనీ బాల్డ్విన్ నుంచి మొదటివి వచ్చినప్పటి నుంచీ ఆ ముక్కే దానికి గుర్తు, కానీ అది గాలి కోసమని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోను.

స్లీపర్‌క్లాస్_సుధ:
బీ17ల మీద చొక్కా దండగ అన్నారు కాజీపేట అన్నయ్య. ఎవరికి దండగ అని అడుగుతా నేను. అవి అసలు గాలి కోసం చేసినవే కావు, జనం కోసం చేసినవి. 1930ల్లో అక్కడ ఆర్థిక మాంద్యం, పైగా డబ్బున్నవాడు కారు కొనుక్కుంటున్నాడు, విమానాలు మొదలయ్యాయి, రైల్వే అంటే మసిబొగ్గు పాత సామాను అన్న పేరు వచ్చేసింది. 1933లో జర్మనీలో బెర్లిన్ - హాంబర్గ్ మధ్య డీజిల్ రైలు వచ్చి ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుకుంటుంటే, గ్రెస్లీ వెళ్లి అందులో ప్రయాణం చేసి వచ్చాడు, వచ్చి ఆవిరితోనే అంతకంటే సౌకర్యంగా చేస్తానన్నాడు. సిల్వర్ జూబిలీ అంటే ఇంజను దగ్గర్నుంచి చివరి పెట్టె దాకా మొత్తం వెండి రంగు, రాజు ఐదో జార్జి పాతికేళ్ల పాలన పేరు మీద. మామూలు టికెట్ కాక ఫస్ట్ క్లాసుకి ఐదు షిల్లింగులు, థర్డ్ క్లాసుకి మూడు షిల్లింగులు అదనం, అయినా జనం ఎక్కారు. 1937లో ఎడిన్‌బరాకి ఆరు గంటల్లో పోయే బండి వేశారు, దాని చివర పెట్టె వెనక్కి ఏటవాలుగా అద్దాలతో, అదనంగా డబ్బు కట్టి అందులో కూర్చుని పట్టాలు చూసుకుంటూ పోవచ్చు. ఆ డబ్బు రాకపోతే మీరు పొగిడే ఆ లోపలి పైపులకి బోర్డు పైసా ఇచ్చేదా? రూపాన్ని పబ్లిసిటీ అని కొట్టిపారెయ్యడం నాకు అస్సలు నచ్చదు, ప్రయాణికుడు టికెట్ కొనేది వాల్వ్ గేరు చూసి కాదు.

స్టీమ్_సూరి:
సుధ గారూ, పబ్లిసిటీ తప్పని నేను అనలేదు, దానికి స్పీడ్ క్రెడిట్ ఇవ్వొద్దంటున్నా. ఎల్ఎంఎస్‌నే తీసుకోండి. 1938లో అదే కరొనేషన్ డిజైన్‌లో ఐదు ఇంజన్లు తొడుగు లేకుండా కట్టారు, స్టానియర్‌కి తొడుగుల మీద పెద్దగా నమ్మకం లేదు. వాటిలో డచెస్ ఆఫ్ ఆబర్‌కార్న్‌ని 1939 ఫిబ్రవరిలో 20 పెట్టెలు, 600 టన్నులు కట్టి క్రూ - గ్లాస్గో మధ్య పరీక్షించారు, సిలిండర్లలో 3,300 హార్స్‌పవర్ దాకా వచ్చింది. బ్రిటన్‌లో ఆవిరి ఇంజను చూపించిన పెద్ద అంకెల్లో అదొకటి, ఒంటి మీద ఒక్క అలంకారపు రేకు లేకుండా.

విశాఖ_మెకానికల్:
అది ఆ దారిలో ఉన్న షాప్, బీటాక్ అనే ఎక్కుళ్ల మీద బరువు లాగిన పరీక్ష సూరి గారూ. ఎక్కుడులో గాలి కాదు అడ్డం, బరువు. అక్కడ తొడుగు ఉన్నా లేకపోయినా ఒకటే, ఆ మాట నేను మొదట్లోనే చెప్పా. స్పీడ్ గురించి అయితే 1936 మే 11న 05 002 అనే జర్మన్ ఆవిరి ఇంజను సమతలం మీద 200.4 కిలోమీటర్లు కొట్టింది, దిగుడు సాయం లేకుండా. దానికి చక్రాలతో సహా నిండా తొడుగే. 200 దాటడానికి అటు జర్మన్లూ ఇటు గ్రెస్లీ ఇద్దరూ తొడుగునే నమ్ముకున్నారు, తొడుగు లేకుండా ఆ అంకె దగ్గరికి వచ్చిన ఆవిరి ఇంజను ఒకటి చూపించండి.

యార్క్_తెలుగోడు:
బ్రిటన్ నాలుగు కంపెనీల్లో ఒకటైన అక్కడి సదరన్ రైల్వే సంగతి ఎవరూ ఎత్తలేదు. 1937 దాకా గ్రెస్లీ దగ్గర అసిస్టెంటుగా చేసిన బులీడ్ అక్కడికి వెళ్లి 1941లో మర్చంట్ నేవీ క్లాసు తెచ్చాడు. దాని మీది రేకుని స్ట్రీమ్‌లైనింగ్ అని కూడా అనలేదు, గాలికి నున్నగా ఉండే తొడుగు అన్నారు, పక్కలు చదునుగా ఉంటే పెట్టెల్ని కడిగే మెషిన్‌లోనే ఇంజన్నీ కడిగెయ్యొచ్చని ఆలోచన. బాయిలర్ అద్భుతం, 280 పౌండ్ల ప్రెషర్, కావాల్సినంత ఆవిరి. కానీ పొగ కిందికి దిగి డ్రైవర్‌కి దారి కనపడనిచ్చేది కాదు, లోపల గొలుసుతో నడిచే వాల్వ్ గేరు నూనె తొట్టిలో ఉండేది, అది కారి కారి బాయిలర్ చుట్టూ ఉన్న పొరకి పట్టి మంటలంటుకునేవి. 1956 నుంచి మర్చంట్ నేవీలు 30కి 30 తొడుగు తీసి, గొలుసు తీసి, మామూలు గేరు పెట్టి తిరగగట్టారు. ఆ తర్వాతే వాటికి నమ్మకస్తులన్న పేరొచ్చింది, 1967 జులైలో సదరన్ లైన్లో ఆవిరి ఆగిపోయేదాకా నడిచాయి. ఈ కేసులో నేను కాజీపేట అన్న వైపే. కానీ ఏ4ని వీటితో ఒకే గాట కట్టకండి, దాని ముందు భాగం కప్పలా తెరుచుకునేది, పక్కన కడ్డీ పెట్టి తిప్పితే పైకీ కిందికీ విచ్చుకుని స్మోక్‌బాక్స్ తలుపు చేతికందేది. షెడ్డువాడి గురించి కూడా ఆలోచించే గీశారు.

కాజీపేట_లోకో:
ఆ కడ్డీ సంగతి బాగుంది అన్నా, బూడిద లాగేవాడికి అది పెద్ద సాయమే. కానీ పక్క రేకుల సంగతి అలాగే ఉంది. అవి తీసేస్తే ఏ4 స్పీడ్ ఏమన్నా తగ్గిందా, అది చెప్పండి.

స్టీమ్_సూరి:
మంచి ప్రశ్న, నా వాదనకి అదే పెద్ద బలం. 1959 మే 23న సర్ నైజెల్ గ్రెస్లీ అనే ఏ4 మళ్లీ స్టోక్ బ్యాంక్ మీదే 112 మైళ్లు కొట్టింది, యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఆవిరికి అదే రికార్డు. అప్పటికి పక్క రేకులు పోయి ఏళ్లయింది. అప్పటికి దానికి కొత్తగా వచ్చిందేంటి? 1957, 58ల్లో మిగతా ఏ4లన్నిటికీ పెట్టిన కిల్‌చాప్ డబుల్ చిమ్నీ. సిల్వర్ లింక్ కొత్తలో నిండు తొడుగుతో 112.5, పాతికేళ్ల నాటి డిజైను సగం తొడుగుతో 112. రేకు పోయింది, ఆవిరి దారి బాగుపడింది, స్పీడ్ అక్కడే ఉంది.

విశాఖ_మెకానికల్:
సగం తొడుగు అని మీరే అంటున్నారు సూరి గారూ, ఏ సగం మిగిలిందో చూడండి. చక్రాల మీది రేకులు విప్పారు గానీ ముందున్న ఏటవాలు ముక్కు, బాయిలర్ మీది నున్నటి పైభాగం, డ్రైవర్ గది ముందు కోసుగా ఉన్న అద్దాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. షెడ్డుకి అడ్డమైన ముక్క తీసేశారు, గాలినీ పొగనీ పైకి తోసే ముక్క ఉంచారు. ఎల్ఎంఎస్‌వాళ్లు మొత్తం తొడుగు పీకేశారు, సదరన్ ఇంజన్లని తిరగగట్టినవాళ్లు మొత్తం తీసేశారు. ఏ4లని 1966లో అబర్డీన్ - గ్లాస్గో మూడు గంటల బండ్ల మీద ఆఖరిసారి నడిపేదాకా వాటిని కట్టిన డాన్‌కాస్టర్ వర్క్‌షాపువాళ్లు ఒక్కదాని ముక్కు కూడా తియ్యలేదు, తియ్యాలంటే వాళ్లకి పాతికేళ్లకి పైగా టైముంది.