తెల్లవారుజామున శ్రుతి దిగి, ఎండెక్కాక పైకి పోతున్న నాదస్వరం

ప్రశ్న (నార్కట్‌పల్లి):
పెద్దలకు నమస్కారం. మాఘమాసంలో చెర్వుగట్టు జాతరకు వాయించే మేళంలో ఈ ఏడాదే చేరాను. తెల్లవారుజామున గుట్ట మీద సేవ మొదలుకాగానే నా నాదస్వరం శ్రుతిపెట్టె కంటే కిందికి పలికింది. పీక (నోట పెట్టుకుని ఊదే రెండు రెక్కల ముక్క) ఉండే ఇత్తడి గొట్టాన్ని కొద్దిగా లోపలికి నెట్టి సరిచేసుకున్నాను. ఎండెక్కాక కింది స్వరాలు ఇంచుమించు కుదిరినా, పై స్వరాలన్నీ ఎక్కిపోయాయి. డోలు వాయించే మా మామ రెండుసార్లు నా వైపు తిరిగి చూశారు. పీక మార్చాలా, వాయిద్యమే మార్చాలా?

జవాబు (మహబూబ్‌నగర్):
తమ్ముడూ, ముందు గొట్టాన్ని పాత చోటికి తీసుకురండి. గాలి ఒక్కో డిగ్రీ చల్లబడేకొద్దీ అందులో ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు తగ్గి స్వరం దిగుతుంది. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెకు చలి పట్టదు. పై రంధ్రాలు తెరిచి పలికే స్వరాలకు మోగే గాలి పొడవు తక్కువ కనుక, మీరు గొట్టాన్ని నెట్టిన ఆ కాస్త దూరం వాటినే ఎక్కువగా కదిలించింది. ఇకపై సేవకు పది నిమిషాల ముందే రంధ్రాలన్నీ మూసి, నిదానంగా ఊపిరి పంపుతూ వాయిద్యాన్ని వేడెక్కించండి. నేను చలికాలమంతా దానిని శాలువాలో చుట్టి తీసుకువెళ్తాను.

జవాబు (నాగర్‌కర్నూల్):
పై మాటతో ఏకీభవిస్తున్నాను, అయితే పీకను కూడా చూడండి. నానబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రెండు రెక్కల మధ్య సందు సన్నని కన్నులా, రెండు వైపులా సమానంగా కనిపించాలి. ఒక మూల చీలితే ఆ పీకను పక్కన పెట్టేయడమే మంచిది; పెదవులతో ఎంత బిగించినా అది నిలకడగా పలకదు. గొట్టానికి చుట్టిన దారం వదులైనా గాలి కారి శ్రుతి ఊగుతుంది. అడుగున వేళ్లు పెట్టని 5 రంధ్రాలలోని మైనాన్ని మాత్రం మీ గురువుగారు లేకుండా ముట్టుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు:
దారమే వదులైంది, గొట్టాన్ని వేలితో తిప్పితే తిరుగుతోంది. కొత్త దారానికి మైనం రాసి బిగించి చుట్టాను, ఈ ఉదయం ముందుగా వేడెక్కించి వాయించాను. పై షడ్జం (స) శ్రుతిపెట్టెతో కలిసింది. నిషాదం (ని) ఇంకా కొంచెం ఎక్కువగానే ఉంది, దానిని ఊపిరి తగ్గించి సాధన చేస్తున్నాను.