‘సాటిలేని మేటి’ ఇద్దరుండొచ్చా?

(ఇక్కడ మాట్లాడేవాళ్లకి వాళ్ల ఊరి పేరే పేరు.)

ప్రశ్న (విజయనగరం): వేసవి శిబిరంలో బాస్కెట్‌బాల్ నేర్చుకుంటున్న పిల్లల గోడపత్రికకి ఒక వ్యాసం వచ్చింది. అందులో అమెరికా ఆటగాడు విల్ట్ చాంబర్లెయిన్ ‘సాటిలేని మేటి’. రెండు పేరాలు దిగితే మైకేల్ జోర్డాన్ కూడా ‘సాటిలేని మేటి’. ఇద్దరికీ సాటి లేకపోతే ఒకరికొకరు ఏమవుతారు? ఒకచోట కొట్టేయాలా, రెండుచోట్లా ఉంచొచ్చా? పనిలో పనిగా ఇంకోటి. ‘ధీటైన ఆటగాడు’ అని ఉంది, ఆ వత్తు ఉండాలా?

రాజాం: వత్తు తీసేయండి మాస్టారూ. దీటు అచ్చ తెలుగు మాట. పేపర్లలో ‘ధీటు’ చూసీ చూసీ అదే రైటనిపిస్తోంది గానీ దానికి వత్తు లేదు.

ఇక ‘సాటి’. దీనికి రెండు అర్థాలు. ‘వాడికి సాటి లేరు’ అన్నప్పుడు సమానం. ‘సాటి మనిషి’, ‘సాటి ఆటగాళ్లు’ అన్నప్పుడు తోటివాళ్లు. మనవైపు ‘ఆడి ఈడోళ్లు’ అంటారు చూడండి, ఇంచుమించు అదే. మొదటి అర్థంలో అయితే ఇద్దరికీ పెట్టడం కుదరదు. రెండోది పట్టుకుంటే దారుంది: సాటివాళ్లలో మేటి. మేటి అనాలంటే ఒక గుంపు ఉండాలి. ఏ గుంపులోనో చెప్పకుండా మేటి అనేది చీరల కొట్టు ప్రకటనల్లోనే.

ఆమదాలవలస: అది తప్పించుకోవడం కాదేటండి? చదివే పిల్లడికి కావలసింది ఇద్దరిలో ఎవరు గొప్ప అని. పక్కనే ఊసవానిపేట వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి సంగతి చూడండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో స్నాచ్ (ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (భుజాల దాకా తెచ్చి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు, కాంస్యం. 2018లో తరగతులు మార్చినప్పుడు ఆ 69 తీసేశారు, కొత్త తరగతుల్లో రికార్డులు మళ్లీ మొదలెట్టారు. 2025లో 69 మళ్లీ వచ్చింది. తరగతులు ఎన్నిసార్లు మారినా 130 కిలోల ఇనుము అప్పుడూ 130 కిలోలే, ఇప్పుడూ 130 కిలోలే. పోల్చడానికి ఒక ఆధారం మిగిలింది. బాస్కెట్‌బాల్‌లో అలాంటిది ఉందా?

విజయనగరం: అక్కడే చిక్కు. 1961–62 సీజన్‌లో చాంబర్లెయిన్ సగటు ఆటకి 50.4 పాయింట్లు. 1986–87లో జోర్డాన్ 37.1. అంకెలు చూసి పిల్లలు ‘పదమూడు తేడా, ఇంకేటి సాటి’ అంటున్నారు.

రాజాం: ఆ పదమూడులో ఎక్కువ భాగం ఆడిన నిమిషాలదీ, ఆ రోజుల ఆట తీరుదీ. లెక్క కట్టి చూపిస్తాను, కాగితం మీద పిల్లలే చెయ్యొచ్చు.

ముందు నిమిషాలు సరిచెయ్యాలి. చాంబర్లెయిన్ ఆ ఏడు సగటున 48.5 నిమిషాలు ఆడాడు. ఆట 48 నిమిషాలే, అదనపు సమయాలు కలవడంతో అంతకి మించింది. జోర్డాన్ ఆడింది 40 నిమిషాలు. 50.4ని 48.5తో భాగించి 40తో గుణిస్తే 41.6.

తర్వాత ఆ కాలపు జట్టు సగటుతో భాగించాలి. 1961–62లో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు ఆటకి సగటున 118.8 పాయింట్లు చేసేది, 1986–87లో 109.9. 41.6 అంటే 118.8లో 35 శాతం. 37.1 అంటే 109.9లో దాదాపు 34 శాతం. పదమూడు పాయింట్ల తేడా ఒక్క శాతానికి వచ్చింది. ఇప్పుడు ‘దీటు’ అనే మాటకి చోటుంది.

ఒక జాగ్రత్త. భాగించేది లీగ్ సగటుతోనే గానీ ఆటగాడి సొంత జట్టు పాయింట్లతో కాదు. సొంత జట్టు బలహీనమైతే వాడి వాటా ఊరికే ఉబ్బిపోతుంది.

బొబ్బిలి: రీబౌండ్లకీ (బుట్టలో పడని బంతిని అందుకోవడం) అదే చేసి చూడు బావూ, తమాషాగా ఉంటుంది. చాంబర్లెయిన్‌కి ఆ ఏడు 25.7. ఇప్పుడు ఎవరూ దరిదాపుల్లో లేరు. కానీ అప్పుడు ఒక్కో జట్టు ఆటకి సుమారు 108 షాట్లు వేసేది, నూటికి 43 కూడా పడేవి కావు. పడని బంతులు అన్నుంటే రీబౌండ్లూ అన్నుంటాయి, జట్టుకి సుమారు 71. అందులో చాంబర్లెయిన్ వాటా 36 శాతం. 1991–92లో డెన్నిస్ రాడ్‌మన్‌కి 18.7, జట్టు సగటు సుమారు 44. వాటా 43 శాతం దగ్గర. పైగా రాడ్‌మన్ ఆడింది 40 నిమిషాలే. ఇక్కడ చాంబర్లెయిన్ ‘సాటిలేని’ అనడానికి లేదు.

అయితే ఈ లెక్క అన్నిటికీ పనిచెయ్యదు. మూడు పాయింట్ల గీత (దాని అవతల నుంచి వేస్తే రెండుకి బదులు మూడు పాయింట్లు) ఎన్‌బీఏకి వచ్చింది 1979–80లో. 1986–87లో లారీ బర్డ్ సీజన్ మొత్తానికి అలాంటివి 90 వేస్తే లీగ్‌లో అదే మొదటి స్థానం. 2015–16లో స్టెఫెన్ కరీ 402 వేశాడు. బర్డ్ కాలంలో జట్టంతా కలిసి ఆటకి ఐదుసార్లు కూడా అటు నుంచి ప్రయత్నించేది కాదు. వాడుకలోనే లేని షాట్‌కి వాటా కట్టి ఏం లాభం? బ్లాక్‌లదీ (ఎదుటివాడి షాట్‌ని గాల్లో అడ్డుకోవడం) అదే గోల. 1973–74కి ముందు వాటిని లెక్కే రాయలేదు. చాంబర్లెయిన్ కాలంవాడే బిల్ రసెల్ పదమూడు సీజన్లలో పదకొండు టైటిళ్లు గెలిచాడు, అతని అసలు పని అడ్డుకోవడం. ఆ పనికే అంకె లేదు.

పాలకొండ: ఆటల మాటే కావాలంటే ‘ఉద్ది’ వాడండి. కబడ్డీకి జట్లు పంచేటప్పుడు సమానంగా ఆడే ఇద్దరు ఉద్దీ కట్టి నాయకుల దగ్గరికి వస్తారు, చెరో జట్టుకీ ఒక్కరు. సాటి కంటే ఇది కచ్చితం, ఎందుకంటే జోడీ కుదిర్చినవాళ్లు ఇద్దరి ఆటా చూసినవాళ్లు. చాంబర్లెయిన్‌కి ఉద్ది రసెల్, అందులో వాదం లేదు. ఇద్దరూ ఎదురెదురుగా ఆడారు.

కాలాలు దాటి పోల్చడానికి మనవాళ్ల పద్ధతి వేరే ఉంది. వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడిని ‘కలియుగ భీముడు’ అన్నారు. ఉత్త భీముడు అనలేదు, యుగం పేరు ముందు తగిలించారు. ‘అభినవ’, ‘అపర’ కూడా అలాంటివే.

ఆమదాలవలస: పొగడడానికి బాగుంటుంది గానీ కరీని ‘అభినవ బర్డ్’ అంటే ఇద్దరికీ అన్యాయం. ఉద్ది మాత్రం నచ్చింది. ఇప్పటి పిల్లలకి తెలుస్తుందా అన్నదే అనుమానం.

బొబ్బిలి: తెలీకపోతే ఒక వాక్యం వివరణ పెట్టండి. మరో సంగతి, 1964లో బుట్ట ముందు గీసిన గడిని (బంతి ఉన్న జట్టువాళ్లు అందులో ఎక్కువసేపు నిలబడకూడదు) 12 అడుగుల నుంచి 16 అడుగులకి వెడల్పు చేశారు, చాంబర్లెయిన్‌ని దూరం పెట్టడానికే. నియమం మార్పించగలిగినవాడికి ‘మేటి’ అని ధైర్యంగా రాయొచ్చు. నా లెక్కలో అది పాయింట్ల కంటే పెద్ద సాక్ష్యం.

విజయనగరం: అందరికీ దండాలు. ఇలా మార్చాను: ‘చాంబర్లెయిన్ 1960ల సాటివాళ్లలో మేటి. నిమిషాలూ లీగ్ సగటూ సరిచేసి చూస్తే పాయింట్లలో జోర్డాన్ అతనికి దీటుగా నిలిచాడు.’ పక్కన రాజాం మాస్టారి లెక్క పెట్టెకట్టి వేస్తాం.

రాజాం: ‘నిలిచాడు’ వద్దు, ఇద్దరూ ఒకే కోర్టులో తలపడ్డారనుకుంటారు. చాంబర్లెయిన్ ఆఖరి సీజన్ 1972–73, జోర్డాన్ మొదటిది 1984–85. ‘దీటుగా కనిపిస్తాడు’ అనండి.