సమస్యాపూరణం: "గాలి నెక్కి నరుఁడు గాలమేసె"

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలదికి నాలుగో పాదం ఇస్తున్నాను. మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి.

గాలి నెక్కి నరుఁడు గాలమేసె

గాలినెక్కడమేమిటని కంగారుపడకండి. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా నది మీద నేను ఏటా చూసే దృశ్యమే ఇది. గాలి నింపిన రెండు పొడవాటి గొట్టాలు, వాటిని కలిపే లోహపు చట్రం, నడుమ ఒక్క మనిషికి కుర్చీ, రెండు తెడ్లు. పాంటూన్ పడవంటారు. గాలి తీసి మడిస్తే కారు డిక్కీలో పట్టేస్తుంది. ఇక "వేసె"లో వకారం ఏదని అడగబోయేవారికి: 'ఏయు' అంటే విసరడమే, బాణమేశాడన్నట్టు.

ఏటిగట్టు:
రెండు గొట్టములను నిండుగా నూదించి
పీట వాని నడుమ బిగియఁగట్టి
యాకిమా నదిపయి హాయిగాఁ దేలుచు
గాలి నెక్కి నరుఁడు గాలమేసె

నిర్వాహకుడు:
మొదటి పాదంలో యతికి (పాదం మొదటి అక్షరానికి నడుమ పడే జోడీ అక్షరానికి) బదులు రెండు–నిండు ప్రాసయతి ముచ్చటగా పడింది. 'గాలి' అన్న మాట పైకి రాకుండానే గాలిని చూపించారు, అదీ పూరణంటే. కానీ "హాయిగా" ఒప్పుకోలేను. యతి కోసం వచ్చిన మాట అది. ఎలెన్స్‌బర్గ్ ఊరికి దిగువన ఆ నది లోయలో మధ్యాహ్నమయ్యేసరికి ఎదురుగాలి లేస్తుంది. వేసవిలో సాగు కోసం జలాశయాల నీళ్లు వదులుతారు కాబట్టి ఏరు నిండుగా, వడిగా పారుతుంది. అక్కడ తెడ్డు పడవను తోయడానికి కాదు, ఆపడానికి. ముఖం దిగువకు పెట్టి ఎగువకు తెడ్డేస్తూ పడవ జోరు తగ్గిస్తేనే గాలం విసిరే తీరిక. రోజా ఆనకట్ట రాకముందే ఒడ్డెక్కాలి కూడా. ఆ శ్రమ పద్యంలోకి రావాలండీ.

లంకవాసి:
మా గోదారి లంకల్లో చిన్నప్పుడు చూసింది రాశాను.

పంక్చరైన లారి పాతదౌ ట్యూబుపై
నతుకులేసి గాలి నదిమి నింపి
తెల్లవాఱు వేళఁ దిన్నగా నేటిలో
గాలి నెక్కి నరుఁడు గాలమేసె

ఏటిగట్టు:
లంకవాసి గారూ, అతుకు నిలిచిందో లేదో ఎలా చూసేవారు?

లంకవాసి:
ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమోనని కన్నార్పకుండా చూసేవాళ్లం. ఒక్క బుడగ కనిపించినా ఆ రోజుకు ఏట్లోకి దిగేవాళ్లం కాదు.

నిర్వాహకుడు:
ఆ బుడగలు పద్యంలో ఉంటే ఇంకేం కావాలి! ఛందస్సు నిర్దోషం. కానీ రెండో పాదంలోనే "గాలి" అనేశారు కనుక సమస్య అక్కడే విడిపోయింది. చివరి పాదానికి చేరేసరికి చదువరికి ఆశ్చర్యం మిగలలేదు.

చిరుజల్లు:
తేలు జాకెటొకటి తీరుగాఁ దొడిగియు
వాల్వు బిరడ లొకటి రెండు చూచి
చల్లనీటి కదియు జాఱఁగా మఱి యూది
గాలి నెక్కి నరుఁడు గాలమేసె

లంకవాసి:
చిరుజల్లు గారూ, రెండో పాదంలో యతి తప్పింది. 'వా'కు 'రెం' కుదరదు. "వాల్వు బిరడ లెల్ల బాగఁ జూచి" అనండి. వకార బకారాలకు యతి చెల్లుతుంది. పైగా ఒకటి రెండు చూస్తే చాలదు కదా, అన్నీ చూడాలి. "తేలు జాకెటు" అంటే నీళ్లలో తేల్చే జాకెట్టే అయినా, అనగానే నాకు కుట్టే తేలే ముందు గుర్తొచ్చింది, ఆ మాట మార్చగలరేమో చూడండి.

నిర్వాహకుడు:
సవరణ బాగుంది, అర్థం కూడా గట్టిపడింది. నాకు బాగా నచ్చింది మూడో పాదం. ఒడ్డున ఎండలో రాయిలా బిగిసిన గొట్టం చల్లటి నీళ్లలో పెట్టాక, లోపలి గాలి కుంచించుకుపోయి బొటనవేలికి మెత్తగా తగులుతుంది. అప్పుడు మళ్లీ నాలుగు పంపులు కొట్టాలి. చేత్తో నొక్కి చూసినవారే రాయగల పాదం అది. ఇంకొకటి, సమస్యలో గాలమేశాడనే ఉంది, చేప పట్టాడని లేదు. ముగ్గురూ అక్కడికే ఆగారు. ఆ లోయలో ట్రౌట్ చేపను పట్టినా నీళ్లలోకే వదలాలి కనుక అది సరిగ్గా సరిపోయింది.

ఏటిగట్టు:
నా మూడో పాదం మార్చాను, చూడండి.

యాకిమా యుఱవడి నాపుచుఁ దెడ్లతో
గాలి నెక్కి నరుఁడు గాలమేసె

నిర్వాహకుడు:
ఇప్పుడు భుజాల నొప్పి తెలుస్తోంది. ఉంచేయండి.